ఈ పూసను లాగారా, చుట్టారా? పాత గాజు పూస ఎలా తయారైందో తెలుసుకోవడం ఎలా

వానాకాలంలో పాటిదిబ్బల మీద, అంటే పాత ఊళ్ళు పూడిపోయిన దిబ్బల మీద, తిరిగేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. గట్టి వాన ఒకటి పడి వెలిశాక పెంకుముక్కల మధ్య ఆవగింజంత ఎర్ర పూసో, పచ్చ పూసో, నల్లదో తేలి కనిపిస్తుంది. కొండాపూర్, ధూళికట్ట, పెద్దబంకూరు, నాగార్జునకొండ లాంటి చోట్ల తవ్వకాల్లో పూసలు దొరికాయి. చాలామంది ఇలాంటి పూసను చూసి రంగురాయి అనుకుంటారు, ఇంకొందరు గాజని తెలియగానే రోమ్ నుంచి వచ్చిందని తేల్చేస్తారు. రెండూ తొందరపాటే. ఆ చిన్న పూసను ఓపికగా చూస్తే అది ఎలా తయారైందో చాలావరకు మీరే చెప్పగలరు, మిగతాది ల్యాబ్ చెబుతుంది. ఆ వరుస అంతా ఇక్కడ రాస్తున్నాను. ఆర్కియాలజీ చదివేవాళ్ళు, చిన్న మ్యూజియంలో పనిచేసేవాళ్ళు, అమ్మమ్మ పెట్టెలో పాత పూసల దండ దొరికి దాని సంగతేంటో తెలుసుకోవాలనుకునేవాళ్ళు, ఎవరైనా ఇలా చేయొచ్చు.

ఒక్క విషయం మొదటి నుంచి చివరి దాకా గుర్తుపెట్టుకోండి. పూస ఆకారం, లోపలి బుడగలు, బెజ్జం చూస్తే పనివాడు ఏం చేశాడో తెలుస్తుంది. రసాయన విశ్లేషణ చేస్తే ఆ గాజును ఏ ఇసుకతో, ఏ క్షారంతో కరిగించారో తెలుస్తుంది. ఈ రెండు పనులూ ఒకే ఊళ్ళో, ఒకే శతాబ్దంలో జరిగి ఉండాలని ఎక్కడా లేదు. మూడువేల ఏళ్ళ కిందటే గాజు ముద్దలు ఓడల్లో వెళ్ళేవి. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర క్రీ.పూ. 1300 ప్రాంతంలో మునిగిన ఓడలో దాదాపు 175 గాజు దిమ్మలు దొరికాయి, అంటే గాజు చేసినవాడు ఒకడు, దాన్ని కొని కరిగించి నగ చేసినవాడు మరొకడు. "ఈ పూస ఎక్కడిది" అని ఎవరైనా అడిగితే, గాజు సంగతా, పూస సంగతా అని మీరు తిరిగి అడగాలి.

పూసను ముట్టుకునే ముందు

మీకు పూస నేల మీద కనిపిస్తే ఏరుకోకండి. ఫోన్‌తో ఫోటో తీయండి, పక్కన ఏదైనా స్కేల్ పెట్టండి, లొకేషన్ గుర్తుపెట్టుకోండి, రాష్ట్ర పురావస్తు శాఖవాళ్ళకి చెప్పండి. వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తాయి. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయలకు మించినదైతే కలెక్టర్‌కి తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం. చట్టం మాట అలా ఉంచినా, ఏ పొరలో, ఏ పెంకుల పక్కన దొరికిందో తెలియని పూసకి వయసు చెప్పడం చాలా కష్టం. ఎందుకంటే ఒకే రకం ఎర్ర పూసను వెయ్యేళ్ళకు పైగా చేస్తూనే ఉన్నారు. ఆ చోటు నుంచి పూసను తీసేసి జేబులో వేసుకున్నారంటే సగం సమాచారం అక్కడే పోయినట్టు.

ఇంట్లోదో, మ్యూజియంలోదో అయితే ముందు అలాగే ఉంచండి. సబ్బు నీళ్ళు, నిమ్మరసం, వెనిగర్, చింతపండు, ఏవీ వద్దు. పాత గాజు మీద కనిపించే ఇంద్రధనుస్సు మెరుపు, తెల్లటి పొర మురికి కావు. నేలలోని తడి వందల ఏళ్ళుగా గాజులోంచి సోడియాన్ని లాగేస్తే మిగిలిన సిలికా పొరలవి. గీకితే పూస పైభాగమే పోతుంది. బెజ్జంలో గట్టిపడిన మట్టిని కూడా సూదితో పొడవకండి, అందులో తయారీ నాటి బూడిదో, మట్టి పూతో మిగిలి ఉండవచ్చు, అది సాక్ష్యం. మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన దులిపితే చాలు.

కావలసినవి

నగల షాపువాళ్ళు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం, ఫోన్ టార్చ్, డిజిటల్ కాలిపర్, ఒక నల్ల కాగితం, ఒక తెల్ల కాగితం, ట్రేసింగ్ పేపర్ ముక్క. ఫోన్‌కి తగిలించే యూఎస్‌బీ మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది, ఫోటోలు దాచుకోవచ్చు. మొదటి విడత పనికి ఇంతకన్నా అవసరం లేదు.

వీటితో పాటు ప్రాక్టీసుకి కొన్ని కొత్త పూసలు కొనుక్కోండి. మగ్గం వర్క్‌కి వాడే చిన్న గాజు పూసలు లాగిన గొట్టం నుంచి కోసినవి. ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్ వైపు నుంచి వచ్చే పెద్ద పూసల్లో చాలావరకు ఊచ మీద చుట్టినవి. రెండు రకాలవీ కొన్ని తెచ్చుకుని, ఒకటి రెండు గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టి లోపల ఎలా ఉందో చూడండి, కళ్ళద్దాలు పెట్టుకుని మాత్రమే. ఇంట్లో పాత నల్లపూసల దండ ఉంటే పగలగొట్టకుండా భూతద్దంతో అదీ చూడండి, ఒకే దండలో వేరు వేరు పద్ధతుల పూసలు కలిసి ఉండటం మామూలే. కొత్తవాటి మీద కన్ను కుదిరాకే పాతవాటి జోలికి వెళ్ళండి.

1. ముందు ఇది గాజేనా?

బుడగ కనిపిస్తే గాజే అనుకోవచ్చు. టార్చ్‌ని పూస వెనక పెట్టి, మధ్యలో ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టి చూస్తే అంచుల దగ్గర చిన్న చిన్న బుడగలు తేలతాయి. కెంపురాయిలా కనిపించే కార్నీలియన్ అనే రాతి పూసలో బుడగలుండవు, దాని బెజ్జాన్ని రెండు వైపుల నుంచీ తొలుస్తారు కాబట్టి మధ్యలో రెండు తొలుపులు కలిసే చోట చిన్న మెట్టు కనిపిస్తుంది. గాజు పూసకి సాధారణంగా అలా ఉండదు, బెజ్జం వేడి మీదే ఏర్పడుతుంది. గీతలు గీసి గట్టిదనం చూడడం, కాలిన సూది పెట్టడం లాంటివి ఇంటర్నెట్‌లో చెబుతారు, పాత పూస మీద అవి అస్సలు చేయకండి.

2. బుడగలు ఏ దిక్కుకి సాగాయో చూడండి

ఈ పనంతటిలో నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇది, మీరూ ఎక్కువ సేపు ఇక్కడే ఉండండి.

జాతరలో జీళ్ళ పాకం లాగడం చూసే ఉంటారు. ముద్దగా ఉన్నప్పుడు అందులో చిక్కుకున్న గాలి గుండ్రంగా ఉంటుంది, మేకుకి వేసి లాగేకొద్దీ ఆ గాలి సన్నని పోగులుగా సాగుతుంది, పాకం తెల్లబడి పట్టులా మెరుస్తుంది. వేడి గాజూ అంతే. ఏ దిక్కుకి లాగితే బుడగ ఆ దిక్కుకి సాగి, చల్లారగానే అలాగే బిగుసుకుపోతుంది. రెండువేల ఏళ్ళయినా ఆ బుడగ పనివాడి చెయ్యి ఎటు కదిలిందో చెబుతూనే ఉంటుంది.

పూసని బెజ్జం నిలువుగా ఉండేలా పట్టుకోండి. బుడగలు, సన్నని గీతలు, రంగు చారలు బెజ్జంతో పాటు నిలువుగా సాగి ఉంటే అది లాగిన పూస, అంటే పొడవాటి గాజు గొట్టం నుంచి కోసిన ముక్క. అవే గీతలు బెజ్జం చుట్టూ, నడుముకి మొలతాడు కట్టినట్టు అడ్డంగా తిరుగుతుంటే అది చుట్టిన పూస, అంటే ఊచ మీద కరిగిన గాజును తిప్పుతూ చుట్టినది. బుడగలు గుండ్రంగా, ఎటూ సాగకుండా ఉంటే తొందరపడి ఏదీ అనకండి, పూసను తర్వాత బాగా వేడి చేసి ఉంటే బుడగలు మళ్ళీ గుండ్రమవుతాయి. అప్పుడు బెజ్జం, అంచులు చూసి తేల్చాలి.

గాజు అపారదర్శకంగా ఉంటే బుడగలు కనబడవు, ముఖ్యంగా ఇటుకరంగు ఎర్ర పూసల్లో. వాటిలో నల్లటి సన్నని చారలు వెతకండి. ఎర్ర గాజులో రాగి సరిగ్గా పరుచుకోని చోట నల్లగా ఉంటుంది, లాగినప్పుడు ఆ నలుపు కూడా సాగుతుంది. ఆ చారలు బెజ్జానికి సమాంతరంగా ఉంటే బుడగ కనబడకపోయినా ఫర్వాలేదు, లాగిన పూసే.

3. బెజ్జం, అంచులు

చుట్టిన పూస బెజ్జం ఊచ ఆకారంలో ఉంటుంది, ఊచ కొస సన్నమైతే బెజ్జం కూడా ఒక వైపు వెడల్పు, ఇంకోవైపు ఇరుకు. గాజు ఇనుముకి అతుక్కోకుండా ఊచకి పూసిన మట్టి కొన్నిసార్లు బెజ్జం గోడకి తెల్లగానో బూడిదగానో మిగులుతుంది. పూస కొన దగ్గర గాజు పోగు తెగిన చోట చిన్న తోక కూడా కనబడవచ్చు. లాగిన పూస బెజ్జం నునుపుగా, రెండు చివరలా ఇంచుమించు ఒకే వెడల్పులో ఉంటుంది.

లాగిన పూసల అంచులు మూడు రకాలుగా ఉంటాయి. పదునుగా, ఏటవాలుగా ఉంటే కోసి వదిలేసినది. చదునుగా, అరిగిన గీతలతో ఉంటే రాతి మీద నూరినది. మెత్తగా గుండ్రంగా ఉంటే కోశాక మళ్ళీ వేడి చేసి గుండ్రం చేసినది, మన నేల మీద దొరికే చిన్న పూసల్లో ఎక్కువ ఇవే. రెండు పూసలు అతుక్కుపోయి ఒకటిగా ఉన్నవి దొరికితే పారేయకండి, ఆ రెండో వేడిలో ఒకదానికొకటి తగిలి కరిగినవే అవి.

మిగతా పద్ధతులు త్వరగా చెబుతాను. నిలువునా ఒక అతుకు గీత ఉంటే గాజు పట్టీని ఊచ చుట్టూ మడిచినది, రెండు వైపులా ఎదురెదురుగా గీత ఉంటే అచ్చులో నొక్కినది. బెజ్జం ఒక వైపు లోపలికి నొక్కుకుపోయి రెండో వైపు పెదవిలా లేచి ఉంటే వేడి ముద్దను పొడిచినది. గొట్టాన్ని గాడుల అచ్చు మీద దొర్లించి గింజలు గింజలుగా నొక్కి తర్వాత విడదీసిన పూసలకు చివర చిన్న మెడ మిగులుతుంది. వీటిలోనే బంగారు రేకును రెండు గాజు పొరల మధ్య పెట్టినవీ ఉన్నాయి, వాటిని టార్చ్ వెలుగులో చూస్తే బంగారం లోపలెక్కడో ఉన్నట్టు తెలుస్తుంది.

గాజుల ముక్కలు, అంటే చేతికి వేసుకునేవి, దొరికినా సూత్రం ఇదే. బుడగలు గాజు వలయం చుట్టూ సాగి ఉండి ఎక్కడా అతుకు లేకపోతే ముద్దను తిరిగే శంకువు మీద వెడల్పు చేసినది, ఒక చోట రెండు కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే కడ్డీని వంచి అతికినది.

4. ఇప్పుడు తిరుపతి దగ్గరికి వెళ్దాం

లాగిన చిన్న పూసలంటే ఏమిటో పుస్తకాల్లో కన్నా పాపానాయుడుపేటలో బాగా అర్థమవుతుంది. తిరుపతి దగ్గరి ఈ ఊళ్ళో గొట్టం లాగి పూసలు చేసే పాత పద్ధతి 20వ శతాబ్దం దాకా బతికి ఉంది. పరిశోధకులు దీన్ని లాడా పద్ధతి అంటారు. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ ఇక్కడి పనిని పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన గాజు వ్యర్థాలతో పోల్చాడు. అరికమేడును 1945లో మార్టిమర్ వీలర్, తర్వాత కసాల్, 1989 నుంచి 1992 వరకు విమలా బేగ్లీ తవ్వారు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి కొరియా, జపాన్ దాకా దొరికే, ఎక్కువగా 6 మిల్లీమీటర్లలోపు ఉండే ఒకే రంగు లాగిన పూసలకు ఇండో-పసిఫిక్ పూసలని పేరు స్థిరపడింది ఫ్రాన్సిస్ వల్లే. తైమూర్ లాంటి దీవుల్లో ఇవే ఎర్ర పూసలు ముటిసలా పేరుతో తరతరాల కుటుంబ సొత్తుగా ఉన్నాయి. ఆ పూసలు చేసే చేతిపని మన చిత్తూరు వైపు పల్లెలో ఇంతకాలం నిలిచిందంటే నాకు గర్వంగా ఉంటుంది, దాని గురించి మనవాళ్ళలో ఎంత తక్కువమందికి తెలుసో తలచుకుంటే బాధగానూ ఉంటుంది.

పని ఇలా సాగుతుంది. కొలిమిలో కరిగిన గాజును బోలు ఇనుప గొట్టం చివరికి ఎక్కించి, తిప్పుతూ బండ మీద దొర్లించి శంకువు ఆకారానికి తెస్తారు. గొట్టం లోపలి నుంచి ఇనుప ఊచ దూర్చి ఆ శంకువుకి నడిమధ్య బెజ్జం చేస్తారు. దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి, ఎదుటి వైపు రంధ్రం నుంచి ఒకరు కొక్కెంతో శంకువు కొసను అందుకుని లాగుతారు. బెజ్జంతో సహా గాజు సాగి సన్నని గొట్టంగా బయటికి వస్తూనే ఉంటుంది, లాగేవాడి చేతి వేగాన్ని బట్టి గొట్టం లావు, సన్నం. గొట్టాలను ముక్కలుగా విరిచి, కట్టలు కట్టి, నిలువుగా పాతిన కత్తి మీద పెట్టి ఇంకో కత్తితో పూసలుగా తెంపుతారు. చివరికి ఆ ముక్కల్ని బూడిదతో కలిపి పెనం మీద వేడి చేస్తూ కలుపుతారు. బూడిద బెజ్జాల్లో దూరి అవి మూసుకుపోకుండా చూస్తుంది, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా కూడా ఆపుతుంది, ఆ వేడికి అంచులు గుండ్రమవుతాయి. తర్వాత జల్లెడ పట్టి, కడిగి, దండ గుచ్చడమే.

ఇప్పుడు మీ చేతిలోని పూసని మళ్ళీ చూడండి. నిలువు బుడగలు శంకువు నుంచి లాగడం వల్ల. ఒకే దండలో లావు సన్నం తేడాలు లాగిన చేతి వేగం వల్ల. ఏటవాలు అంచు కత్తి వాలు వల్ల. బెజ్జంలోని తెల్లటి మట్టి బహుశా ఆ బూడిద. చూసిన ప్రతి గుర్తుకీ ఏ మెట్టులో అది పడిందో పక్కన రాసుకోండి, ఏ మెట్టుకీ అతకని గుర్తు ఉంటే దాన్ని ప్రత్యేకంగా రాయండి, అసలు కొత్త విషయం అక్కడే ఉంటుంది.

ఒక చోట పూసలు దొరికినంత మాత్రాన అక్కడ పూసలు చేశారని కాదు. చేశారనడానికి విరిగిన గొట్టాల ముక్కలు, నలిగి మూసుకుపోయిన గొట్టాలు, కారిన చుక్కలు, అతుక్కుపోయిన పూసలు, గాజు ముద్దలు కావాలి. అసలు గాజునే అక్కడ వండారనడానికి ఇంకా గట్టి సాక్ష్యం కావాలి, అంటే కొలిమి, సగం కరిగిన ముడిసరుకు, పెద్ద గాజు దిమ్మలు. శ్రీలంకలోని గిరిబావాలో అలాంటి ఆధారాలు దొరికాయి. ఉత్తరప్రదేశ్‌లోని కోపియాలో అలోక్ కుమార్ కానుంగో తవ్వకాలు జరిపింది కూడా గాజు పని జాడల కోసమే.

5. కొలతలు, బరువు, సాంద్రత

వ్యాసం, పొడవు, బెజ్జం వెడల్పు మిల్లీమీటర్లలో రాయండి. రంగుకి "ఎరుపు" అని వదిలేయకుండా మన్సెల్ రంగుల పట్టీ ఉంటే దాని నంబర్ రాయండి, పారదర్శకమా, అర్ధపారదర్శకమా, అసలు వెలుగు దూరనిదా అన్నది కూడా. ప్రతి పూసకి ఒక నంబర్, బెజ్జం వైపు ఒకటి, పక్క నుంచి ఒకటి, వెనక వెలుగుతో ఒకటి, మూడు ఫోటోలు.

గట్టిగా ఉన్న పెద్ద పూస అయితే సాంద్రత చూడొచ్చు. 0.001 గ్రాము దాకా చూపించే తూకం కావాలి. గాలిలో బరువు తూచి, సన్నని దారానికి వేలాడదీసి నీళ్ళలో మునిగినప్పుడు మళ్ళీ తూచండి. గాలిలో 0.520 గ్రాములు, నీళ్ళలో 0.310 వచ్చిందనుకోండి, తేడా 0.210, 0.520ని దానితో భాగిస్తే 2.48. సోడా గాజు 2.5 దగ్గర ఉంటుంది. 3 దాటితే సీసం బాగా ఉన్న గాజు అనుకోవచ్చు. బెజ్జంలో గాలి చిక్కుకోకుండా చూసుకోండి. ఆవగింజంత పూసకి ఈ లెక్క నమ్మదగ్గది కాదు, పొరలు లేస్తున్న పూసని నీళ్ళలో ముంచనే వద్దు.

నోట్లు చెక్ చేసే అతినీలలోహిత లైటు చీకట్లో వేసి కూడా చూడండి. పసుపు లేక ఆకుపచ్చ పూస గట్టిగా పచ్చటి వెలుగు చిమ్మితే యురేనియం కలిపిన గాజు కావచ్చు, అది 1830ల తర్వాతే వాడుకలోకి వచ్చింది. శాతవాహన పూస అని ఎవరైనా అమ్మజూపితే ఈ ఒక్క పరీక్షతోనే కొన్నిసార్లు తేలిపోతుంది. మసక వెలుగు మాత్రం మాంగనీస్ వల్ల కూడా రావచ్చు కాబట్టి దాన్ని బట్టి ఏమీ అనకండి.

6. ల్యాబ్‌ని ఏం అడగాలి

ల్యాబ్‌కి పూస పంపి "టెస్ట్ చేయండి" అంటే ఉపయోగం లేదు, ప్రశ్న మీ దగ్గర ఉండాలి. ఒక్కో యంత్రం ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది.

ఎక్స్-కిరణాలతో మూలకాల్ని గుర్తించే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పూసకి ఏ హానీ చేయదు, నిమిషాల్లో ఫలితం చెబుతుంది. రంగు ఎందుకొచ్చింది అన్నదానికి బాగుంటుంది: రాగి, కోబాల్ట్, ఇనుము, సీసం, తగరం, యాంటిమొనీ దొరికిపోతాయి. ఐతే సోడియాన్ని ఇది మామూలుగా చూడలేదు, పైగా చదివేది పై పొరని. సోడియం కారిపోయిన పై పొరని చదివి సిలికా, అల్యూమినా ఎక్కువున్నాయని రాసేస్తే గాజు రకమే తప్పు చెప్పినట్టవుతుంది. కాబట్టి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో గాజు కుటుంబం తేల్చకండి.

ఎస్‌ఈఎం-ఈడీఎస్ అనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పద్ధతిలో సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం కూడా తెలుస్తాయి, రంగునిచ్చే స్ఫటికాలను ఫోటో తీయొచ్చు. దీనికి విరిగిన పూసని కోసి మెరుగుపెట్టిన ముక్క కావాలి. అందుకే విరిగినవి, గొట్టం ముక్కలు పారేయకూడదు, మంచి పూసకన్నా సైన్స్‌కి అవే ఎక్కువ ఉపయోగపడతాయి. ఆ స్ఫటికం పేరేమిటో లేజర్ వెలుగుతో చూసే రామన్ యంత్రం పూసని కోయకుండానే చెబుతుంది.

అన్నిటికన్నా పనికొచ్చేది ఎల్‌ఏ-ఐసీపీ-ఎంఎస్. పేరు పొడవే గానీ పని సులువుగా అర్థమవుతుంది: లేజర్‌తో పూస మీద మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని గుంట చేసి, లేచిన ఆవిరిని యంత్రంలోకి పంపి, యాభైకి పైగా మూలకాల్ని పది లక్షల్లో వంతుల దాకా కొలుస్తారు. గుంట మామూలు కంటికి కనబడదు. ముందు కొన్ని సెకన్లు కాల్చిన దాన్ని లెక్కలోకి తీసుకోరు, పాడైన పై పొర అక్కడే పోతుంది. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో లోర్ దుబుస్యూ, ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌లో బెర్నార్ గ్రాట్యూజ్ దక్షిణాసియా గాజు మీద చేసిన పనిలో చాలా భాగం ఈ యంత్రంతోనే. మన దేశంలోనూ ఐసీపీ-ఎంఎస్ ఉన్న ప్రయోగశాలలున్నాయి, హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ లాంటివి, కోల్‌కతాలో గాజు, పింగాణీ మీదే పనిచేసే కేంద్ర సంస్థ కూడా ఉంది. వ్యక్తిగా కాకుండా యూనివర్సిటీ శాఖ ద్వారానో, పురావస్తు శాఖ ద్వారానో రాయండి. ఫలితాలతో పాటు ప్రామాణిక గాజుల కొలతలు కూడా ఇవ్వమనండి, అంటే ఎన్‌ఐఎస్‌టీ 610, 612, కార్నింగ్ ఏ, బీ, సీ, డీ. వాటి అసలు విలువలు అందరికీ తెలుసు కాబట్టి యంత్రం ఆ రోజు సరిగ్గా కొలిచిందో లేదో మీరే చూసుకోవచ్చు.

7. అంకెలు చదవడం

కాగితం చేతికొచ్చాక ముందు నాలుగు చూడండి: సోడా, పొటాష్, మెగ్నీషియా, అల్యూమినా, అంటే సోడియం, పొటాషియం, మెగ్నీషియం, అల్యూమినియంల ఆక్సైడ్లు.

మెగ్నీషియా, పొటాష్ రెండూ 1.5 శాతం లోపు, అల్యూమినా 2 నుంచి 3 శాతం ఉంటే ఈజిప్టు వాడీ నత్రూన్ లాంటి చోట్ల దొరికే నేట్రాన్ అనే సహజ సోడాతో చేసిన గాజు, మధ్యధరా వైపుది. ఆ రెండూ 1.5 దాటితే మొక్కల బూడిదతో చేసినది. ఈ గీతని 1961లో సేయర్, స్మిత్ అనే పరిశోధకులు గీశారు, ఇప్పటికీ అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. సోడా తక్కువగా ఉండి పొటాష్ 15 శాతం దగ్గర ఉంటే పొటాష్ గాజు, దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో బాగా దొరుకుతుంది. సీసం, బేరియం రెండూ శాతాల్లో ఉంటే హాన్ వంశం కాలపు చైనా వైపు చూడండి.

ఇక మన పూసలు. అల్యూమినా 5 శాతం దాటి కొన్నిసార్లు పది పైకి కూడా వెళ్తుంది, సున్నం తక్కువ, మెగ్నీషియా తక్కువ, సోడా బాగా. ఎందుకంటే ఇసుక గ్రానైట్ రాళ్ళు చివికి వచ్చినది, అందులో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, అల్యూమినా దాని నుంచే వస్తుంది. సోడా చౌడు నుంచి. చాకలివాళ్ళు బట్టలకి వాడిన చౌడు మన్నే, ఎండాకాలం నేల మీద తెల్లగా పొంగేది, గాజుకీ క్షారం ఇచ్చింది. ఈ గాజుకి పరిశోధకులు ఎం-ఎన్‌ఏ-ఏఎల్ అని పేరు పెట్టారు, అంటే ఖనిజ సోడా, అల్యూమినా గాజు. ఇందులో మళ్ళీ రకాలున్నాయి, వాటిని విడదీసేది యురేనియం, బేరియం లాంటి జాడ మూలకాలు, అంటే అతి కొద్దిగా ఉండేవి. మొదటి రకంలో బేరియం ఎక్కువ, యురేనియం తక్కువ, దక్షిణ భారతం, శ్రీలంకలకు చెందినది. రెండో రకంలో యురేనియం ఎక్కువ, బేరియం తక్కువ, కొంకణ తీరంలోని చౌల్ రేవుతో ముడిపడినది, చాలా తర్వాతి కాలానిది. యురేనియం అంటే కంగారు పడకండి, ఇసుకలో సహజంగా ఉన్నదే, లైటు వేస్తే మెరిసేంత కాదు.

రంగుల దగ్గర కొలిమి సంగతి తెలుస్తుంది. గాలి బాగా ఆడే కొలిమిలో రాగి గాజుకి నెమలికంఠం లాంటి నీలం ఇస్తుంది. అదే రాగి గాలి తగ్గించి పొగ పట్టించిన మంటలో సన్నని లోహపు రేణువులుగా విడిపోయి ఇటుక ఎరుపు ఇస్తుంది. అంటే ఒకే చోట దొరికిన నీలం, ఎరుపు పూసల్లో గాజు కూర్పు ఒకటే అయి రాగి రెంటిలోనూ ఉంటే, ఆ పనివాళ్ళు మంటని తమకు కావలసినట్టు నడపగలిగారన్నమాట. థర్మామీటర్ లేదు, రసాయనశాస్త్రం లేదు, మంట రంగు చూసి చేసిన పని అది. ఎర్ర పూసని చూసిన ప్రతిసారీ నాకు ఈ విషయమే అబ్బురంగా ఉంటుంది.

దట్టమైన పసుపులో సీసం, తగరం కలిసి కనిపిస్తే మన వైపు పద్ధతి, సీసంతో యాంటిమొనీ ఉంటే మధ్యధరా వైపు పాత పద్ధతి. ముదురు నీలంలో కోబాల్ట్ ఉంటే దాని పక్కన ఏముందో చూడండి: ఆర్సెనిక్, నికెల్, బిస్మత్ వెంట ఉంటే అది 16వ శతాబ్దం నుంచి యూరప్ గనుల కోబాల్ట్, పూస పాతదన్న మాటను మళ్ళీ ఆలోచించుకోవాలి.

8. రాసేటప్పుడు

నోట్‌లో రెండు వాక్యాలు విడివిడిగా ఉండాలి. ఇలా: "లాగిన పూస, అంచులు వేడితో గుండ్రం చేసినవి, ఆధారం: నిలువు బుడగలు, సమాంతర నల్ల చారలు, బెజ్జంలో బూడిద లాంటి అవశేషం." తర్వాత: "గాజు ఖనిజ సోడా అల్యూమినా రకం, బేరియం ఎక్కువ, యురేనియం తక్కువ, దక్షిణ భారత లేక శ్రీలంక ముడిగాజుతో సరిపోతుంది." పూస ఎక్కడ చేశారన్నది మూడో వాక్యం, గొట్టం ముక్కలో, వ్యర్థాలో దొరికితేనే రాయండి. వయసు పూసని బట్టి కాకుండా అది దొరికిన పొరని బట్టి రాయండి.

పని అయ్యాక పూసని దూదిలో పెట్టకండి, పోగులు పొరల్లో చిక్కుకుంటాయి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మెత్తటి ఫోమ్ మీద పెట్టి, తేమ 40 శాతం దగ్గర ఉండేలా సిలికా జెల్ పొట్లం వేయండి, జెల్ రంగు మారితే మార్చండి. పూస మీద జిగట చెమట లాంటిది కనిపిస్తే తుడవకుండా మ్యూజియం కన్జర్వేటర్‌కి చూపించండి. మళ్ళీ దండ గుచ్చాలనుకుంటే ఇనుప తీగ వద్దు, సన్నని నూలు దారం వాడండి, పూసకీ పూసకీ మధ్య ముడి వేయండి, పాత దారం ఉంటే దాన్ని కూడా అదే నంబర్‌తో కవర్లో దాచండి.